అరవై అంగుళాల టేపు

పొదిలి కల్యాణ మండపం ముందు
బ్యాండోళ్లు లారీ ఎక్కేటప్పుడు
డ్రమ్ములు లెక్కపెట్టుకున్నారు,
జనరేటరు లెక్కపెట్టుకున్నారు,
గుర్రాన్ని మాత్రం
మర్చిపోయినట్టు మర్చిపోయారు.

మూడు రోజులు కరెంటు స్తంభం దగ్గరే నిలబడింది.
మెడలో చెమ్కీ దండ, తోకకు గులాబీ రంగు.
డొక్కలు దూరం నుంచే కనపడుతున్నాయి.
మా నాగూరు ఎక్కం చదివినట్టు ఎముకలు లెక్కపెట్టాడు,
పదిహేడు దగ్గర ఆపేసి
ఇంటికి తోలుకొచ్చాడు.

మాది దూదేకుల కొట్టు. పరుపులు, దిండ్లు, బొంతలు.
"గుర్రాన్నేం చేసుకుంటావే కాశింబీ?"
ఏం చేసుకుంటాను?
తడిక ఎనక్కి జరిపాను.

పశువుల డాక్టరమ్మ పళ్లు చూసింది, చిగురు నొక్కింది,
"జాలిపడి చంపొద్దు" అంది.
ఎండిన కడుపులో ఒక్కసారే ఉలవలు పోస్తే
ఉన్న ప్రాణం కూడా పోద్దంట.
గుప్పెడు గడ్డి. రెండు గంటలాగి ఇంకో గుప్పెడు.
అర్ధరాత్రికోసారి, కోడి కూయకముందు ఇంకోసారి.
ఇద్దరు బిడ్డల తల్లిని,
ఆ ఏళలు నాకు కొత్తేం కాదు.

బరువు తూచే కాటా చింతపండు మండీలో ఉంది,
గుర్రాన్ని ఎక్కనిస్తారా?
టేపు తీశాను.
ముందుకాళ్ల ఎనగ్గా, వీపు మీదుగా, గుండె చుట్టూ
యాభై అయిదు అంగుళాలు.
కండక్టరు గారి దిండ్లకూ
హాస్టలు పరుపులకూ మధ్యన
"గుర్రం – 55" అని రాసుకున్నాను.

కార్తీకంలో ముసురు పట్టింది.
కొవ్వు లేని ఒంటికి
చలి తోలు మీద ఆగదు, మూలుగ దాకా పోద్ది.
చారల పరుపుగుడ్డ కత్తిరించి, బూరుగుదూది కూరి,
తడవకుండా పైన చిరిగిన ఫ్లెక్సీ కుట్టాను.
ఎవరో పెళ్లికొడుకు మొహం సరిగ్గా డొక్క మీదికొచ్చింది.
రానీలే,
ఇన్నాళ్లూ అది వాళ్లను మోసింది,
ఈ ఒక్క చలికాలం ఆయన దీన్ని కప్పుకోనీ.

యాభై అయిదే.
యాభై ఆరు.
పురుగుల మందేసిన వారం మళ్లీ యాభై అయిదున్నర.
ఆ వారం పుస్తకంలో రాయలేదు.
రాయకపోతే తగ్గనట్టేనా?

ఒక పొద్దున మస్తాను విల్లు బిగించి దూది ఏకబోయాడు.
టంగ్ మన్నదో లేదో
గుర్రం తల ఎత్తింది.
ముందుకాలు లేపింది, దించింది,
రెండోది లేపింది.
మోకాళ్లు వణుకుతూనే
పెరట్లో, ఎవరూ లేని ఊరేగింపులో,
ఆడటం మొదలుపెట్టింది.

మస్తాను ఏమీ అనలేదు.
విల్లు అటక మీద పెట్టి
ఆ నెలంతా చేత్తోనే దూది విప్పాడు.
బేరాలు పోయినై. పోనీ.

మార్గశిరానికి మాట్లాడ పొద్దుండదంటారు.
నాకు పొద్దుతో పనేముంది, చీకట్లోనే మాట్లాడేదాన్ని:
కాగులో నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి తాగమనీ,
ఉలవలు ఉడికినై, ఇయ్యాల దోసెడు పెట్టొచ్చనీ,
మండీ సుబ్బరత్తమ్మ ఇంకా బాకీ తీర్చలేదనీ.
అది నా కొంగు నమిలేది.
రోజూ కోటు విప్పి
అరచేత్తో పక్కలు తడిమేదాన్ని.
ఎముకకూ చేతికీ మధ్యన
ఏదో మెత్తగా, అప్పుడే ఏకిన దూది లాగా,
వచ్చీ రానట్టు.

పుష్యం ఎళ్లేటప్పటికి
తోక మొదట్లో తెల్లవెంట్రుక తోసుకొచ్చింది.
గులాబీ రంగు జానెడు కిందికి జరిగింది.
ఆదివారం టేపు చుట్టాను.
రెండు కొసలూ కలవలా.
పొరపాటేమోనని మళ్లీ చుట్టాను.
మధ్యలో రెండు వేళ్ల మేర టేపు లేదు,
గుర్రమే ఉంది.
అక్కడ వేళ్లు ఆనించి కాసేపు నిలబడ్డాను,
వెచ్చగా ఉంది.
పుస్తకంలో ఏం రాయాలో తోచలేదు.

సాయంత్రం అటక మీంచి విల్లు దింపి
మస్తాను భయం భయంగా ఒక్కసారి మీటాడు.
అది ఒక చెవి ఇటు తిప్పింది.
గడ్డి నమలడం ఆపలేదు.